చెరువుకు అలిపిరి లేదు

(కాలనీ సంఘాల వాళ్ళు, హోటళ్ళ యజమానులు, విద్యార్థులు కలిసి తిరుపతిలో ఏర్పాటు చేసుకున్న సభలో, మైనర్ ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక లెక్క తీసుకుందాం. కొర్లగుంట నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఆ, బాగానే ఉన్నారు. తాతయ్యగుంట? తుమ్మలగుంట? కొరమేనుగుంట వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారమ్మా, వెనక ఉన్నారు. సరే, దించండి. ఇప్పుడు రెండో ప్రశ్న. మీ పేటకు పేరు పెట్టిన ఆ గుంట ఉంది చూడండి, ఆ గుంటలో నీళ్ళు కళ్ళతో చూసినవాళ్ళు ఎంతమంది?

ఒక్క చెయ్యి. ఆయన వయసు నాకంటే ఎక్కువ.

కొరమేను అంటే చేప అని ఈ పిల్లలకు ఎవరైనా చెప్పారో లేదో. ఒక గుంటకు చేప పేరు పెట్టారంటే అందులో నీళ్ళు నాలుగు రోజులు నిలిచి ఎండిపోయేవి కావనే నేననుకుంటాను. మన గంగమ్మ తల్లి ఉన్నది ఎక్కడ? తాతయ్యగుంటలో. గంగ అంటేనే నీళ్ళు. జాతరకు వేషాలు కడతాం, పొంగళ్ళు పెడతాం, బూతులు తిడతాం కూడా. అన్నీ చేస్తాం. గుంట మాత్రం అడ్రసులో మిగిలింది.

నన్ను పిలిచినవాళ్ళు 'వాతావరణ మార్పు' గురించి మాట్లాడమన్నారు. నాకు ధ్రువాలు తెలియవు, మంచుకొండలు తెలియవు. నాకు తెలిసింది తూము, కట్ట, నిండిన చెరువు పొర్లే మొరవ, చెరువుకు నీళ్ళు తెచ్చే వంక. వాటి గురించే చెబుతాను. అందులోనే మీరడిగింది వస్తుంది.

2021 నవంబరు గుర్తుందా? గ్లాస్గోలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని వాతావరణ సదస్సు పెట్టుకున్నాయి. 2070 నాటికి మన దేశం నెట్ జీరోకు, అంటే గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు, వెనక్కి తీసుకునేది సమానమయ్యే స్థితికి చేరుతుందని నవంబరు 1న అక్కడే ప్రకటించారు. 13వ తేదీకి సదస్సు ముగిసింది. సరిగ్గా ఐదు రోజులు. 18వ తేదీన మన ఊళ్ళో ఏమైంది? చెప్పండి. మీరే చెప్పండి. వీధుల్లో నడుము లోతు నీళ్ళు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు. కపిలతీర్థంలో ఆ జలపాతం చూసి భయపడని మనిషి లేడు. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోతే మళ్ళీ తెరవడానికి 2022 మే నెల దాకా పట్టింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. రాయలవారి కాలం నాటిదని చెప్పుకునే చెరువు అది. ఇసుక మూటలు వేసి, రాత్రింబగళ్ళు కాపలా కాసి నిలబెట్టుకున్నారు. పక్క కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నిలబడలేదు. అక్కడ ప్రాణాలు పోయాయి.

ఇంకొకటి మీకు గుర్తుండే ఉంటుంది. శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు ఒరలతో కట్టిన సంపు, నేలలో పాతిపెట్టింది, ఉన్నట్టుండి పైకి లేచి నిలబడింది. దేశమంతా ఫోన్లలో చూసింది. కొందరు దణ్ణాలు పెట్టారు. అందులో మహిమ లేదండీ. చుట్టూ భూమిలో నీటిమట్టం పైకొచ్చేసింది, లోపల సంపు ఖాళీగా ఉంది. ఖాళీ బిందెను నీళ్ళలో ముంచి వదిలేస్తే ఏమవుతుంది? అదే అయింది.

ఈ వానంతా భూమి వేడెక్కడం వల్లే వచ్చిందని నేను అనను. నవంబరులో మనకు వాయుగుండాలు కొత్త కాదు. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఇది భౌతికశాస్త్రం, దీని మీద వాదన లేదు. ఎక్కువ మోసిన గాలి కురిసినప్పుడు ఎక్కువే దించుతుంది. చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన అంటే ఎన్ని లీటర్లో ఎవరైనా నోటిలెక్క చెబుతారా? ఇంజనీరింగు పిల్లలున్నారు కదా ఇక్కడ. పది కోట్ల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో పోస్తే ఇరవై వేల ట్యాంకర్లు. ఒక్క చదరపు కిలోమీటరుకు! అదే ఊరు, నాలుగు నెలలు తిరిగేసరికి, మార్చిలో ట్యాంకరు కోసం ఫోను చేస్తుంది. హోటళ్ళ వాళ్ళు నవ్వుతున్నారు. మీకు తెలుసు కాబట్టి నవ్వుతున్నారు.

ఆ ఇరవై వేల ట్యాంకర్ల నీటిని ఆపి పట్టుకోవడానికి మనవాళ్ళు ఏం చేశారు? ఒక పెద్ద డ్యాము కట్టలేదు. గొలుసు కట్టారు. కొండ కింద ఒక కుంట, దాని మొరవ పారితే కింద ఇంకొక చెరువు, దాని మొరవ ఇంకో ఊరి చెరువుకు, చివరకు స్వర్ణముఖి నదికి. ఒక్కొక్కటీ కొంచెం పట్టుకుని, కొంచెం ఇంకించి, మిగిలింది కిందికి వదులుతుంది. వరదకు వేగం తగ్గుతుంది, భూమికి నీళ్ళు అందుతాయి. గొలుసులో ఒక లంకె తెగితే? పైన పట్టాల్సిన నీళ్ళు ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. లంకె ఉన్నచోట కాలనీ ఉంటే ఆ నీళ్ళు కాలనీలోకి వస్తాయి. 'చెరువు మా ఇంట్లోకి వచ్చింది సార్' అని ఒకాయన నాతో అన్నాడు. వాదించడం ఇష్టంలేక ఊరుకున్నాను గానీ, ఎవరింట్లోకి ఎవరు వచ్చారన్నది పాత గ్రామ పటం తీస్తే తెలుస్తుంది.

ఇక్కడి దాకా చెప్పింది మీలో చాలామందికి తెలిసిందే. ఇప్పుడు కాస్త తెలియంది చెబుతాను. చెరువు అనగానే అది వరదకు, కరువుకు సంబంధించిందనుకుంటారు. బొగ్గుకు సంబంధించిందని ఎవరూ అనుకోరు. లెక్క చూడండి. వెయ్యి లీటర్ల నీటిని వెయ్యి అడుగుల లోతు నుంచి పైకి తోడాలి. మన పడమటి మండలాల్లో వెయ్యి అడుగుల బోరు వింత కాదు. మోటారు, పైపుల నష్టాలు కలుపుకుంటే దాదాపు రెండు యూనిట్ల కరెంటు. అవే వెయ్యి లీటర్లు ముప్పై అడుగుల బావిలో ఉంటే? యూనిట్లో పదో వంతు కూడా పట్టదు. ముప్పై రెట్ల తేడా. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారు కావడానికి సగటున ముప్పాతిక కిలో అటూఇటుగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అంటే వెయ్యి అడుగుల బోరు నుంచి వచ్చిన ప్రతి వెయ్యి లీటర్లకూ కిలోన్నర దాకా. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. బిల్లు రైతుకు రాదు. ఎవరికీ రాదనుకోకండి.

కొండ మీద సంగతీ అంతే. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు నిండుగా ఉన్నంతకాలం పైనీళ్ళు పైనే దొరుకుతాయి. అవి అడుగంటితే కల్యాణి డ్యాము నుంచి పైకి తోడాలి. వెయ్యి లీటర్లకు రెండు, రెండున్నర యూనిట్లు. రోజుకు అరవై డెబ్బై వేల మంది భక్తులు వచ్చే చోట ఎన్ని వేల లీటర్లో మీరే ఊహించుకోండి. అదే ఘాట్ రోడ్డు మీద 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. కిందికి దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళుతుంది. మంచిదే, నాకు సంతోషమే. బస్సు దగ్గర ఫోటో దిగుతారు. పంపు దగ్గర ఎవరూ దిగరు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్త. పడమటి వైపు ఒక ఊరి చెరువుకు పూడిక తీసే పని. ఊరి పేరు వద్దు, వాళ్ళు ఇప్పటికీ నన్ను తిట్టుకుంటూ ఉంటారు. ఎస్టిమేటు ఫారం నిండా చెరువే. పూడిక ఎన్ని క్యూబిక్ మీటర్లు, కట్ట ఎంత పొడుగు, తూముకు మరమ్మతు ఎంత. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంకకు అందులో గడి లేదు. గడి లేదు కాబట్టి నేను చూడలేదు. అక్కడ చెరువు నీళ్ళను చూసుకునే నీరుగంటి ముసలాయన ఒకడు రోజూ వచ్చి కట్ట మీద గొంతుక్కూర్చునేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, 'సామీ, కడుపు కోసి పెద్దది చేస్తా ఉండారు, బాగానే ఉండాది. నోరు మూసుకుపోయిండాదే, అది జూడరా?' అన్నాడు. వంక మొత్తం కంపచెట్లు, ఒకచోట దారికి అడ్డంగా రోడ్డు కట్ట. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చుట్టుపక్కల చెరువులన్నీ మొరవ పోయాయి. అంత లోతు తవ్విన నా చెరువులో మాత్రం పశువులు మేశాయి. బిల్లు పాసైంది. ఫోటోలు కూడా బాగా వచ్చాయి.

ఆ తర్వాత ఎన్ని పథకాలు చూశానో. నీరు-మీరు వచ్చింది, నీరు-చెట్టు వచ్చింది, 2022లో జిల్లాకు 75 చెరువులని అమృత్ సరోవర్ వచ్చింది. ఏ ప్రభుత్వాన్నీ అనడం లేదు, అన్నిటిలోనూ కొంత మంచి జరిగింది. కానీ అన్నీ తవ్వే పథకాలే. తవ్విన మర్నాటి నుంచి ఆ చెరువును ఎవరు చూడాలి? కంప ఎవరు కొట్టాలి, మొరవలో అడ్డుపడ్డ చెట్టును ఎవరు తీయాలి, ఏటా? ఆ 'ఏటా' అన్న మాటే ఏ ఎస్టిమేటులోనూ ఉండదు.

పాతకాలంలో ఉండేది. దశబంధం అనే మాట విన్నారా? మన రాయలసీమ శాసనాల నిండా ఉంటుంది. చెరువు కట్టినవాడికో, చూసుకునేవాడికో ఆ చెరువు కింద పండే భూమిలో కొంత మాన్యం. దశ అంటే పది, పదో వంతు అన్న లెక్క నుంచి వచ్చిన పేరు. చెరువు నిండితేనే ఆ మాన్యం పండుతుంది. ఎండితే అతని ఇల్లూ ఎండుతుంది. ఇంతకంటే మంచి కాంట్రాక్టు నా సర్వీసులో నేను రాయలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. క్రీ.శ. 1369, విజయనగరం బుక్కరాయల కాలం. వెయ్యి మంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని అని లెక్కతో సహా చెక్కించారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. మొదటి అంగం ధర్మం తెలిసిన రాజు, రెండోది నీటిశాస్త్రం తెలిసిన మనిషి. వరస చూశారా, ఇంజనీరు రెండోవాడే! నేను ఏమీ అనుకోలేదు. దోషాల్లో నాకు బాగా పట్టుబడింది ఒకటుంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం దోషం. ఎందుకంటే ఇద్దరూ నాదంటారు, కట్ట తెగినప్పుడు ఇద్దరూ నాది కాదంటారు.

ఇప్పుడు తిరుపతి చుట్టూ ఉన్న ఏ చెరువైనా తీసుకోండి. నేల రెవెన్యూది. కట్ట, తూము ఇరిగేషన్‌వి. చేపలు మత్స్యశాఖవి. పక్కన లేఅవుటుకు అనుమతి తుడాది, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థది. వంక సగం పంచాయతీలో, సగం కార్పొరేషన్‌లో. అందులోకి వచ్చే మురుగు, అది మాత్రం ఎవరిదీ కాదు. పోరుమామిళ్ళ వాళ్ళు రెండు రాజ్యాలకే భయపడ్డారు. మనకు ఆరు. ఈ శాఖల్లో పనిచేసేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఆరుగురు మంచివాళ్ళున్నా చెరువుకు ఒక యజమాని లేడు.

ఇక డబ్బు. వ్యాపారస్తులు దీనికోసమే కూర్చున్నారు, నాకు తెలుసు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. పర్యావరణం కూడా అందులో ఉంది. దాంతో చెరువులు తవ్వించిన కంపెనీలున్నాయి, సంతోషం. కానీ ఆ నిబంధనల్లోనే ఒక ప్రాజెక్టు, మొదలైన ఏడాది పోను మూడేళ్ళకు మించకూడదని ఉంది. మూడేళ్ళు! రాయలచెరువు వయసుతో పోల్చి చూడండి. మొదటి ఏడు తవ్వడం, రెండో ఏడు బోర్డు పెట్టడం, మూడో ఏడు బోర్డుకు రంగు వేయడం. నాలుగో ఏడు కంప.

దీనికి మార్గం వేరే ఎక్కడో వెతకక్కర్లేదు. మీరు రోజూ తల ఎత్తి చూసే కొండ మీదే ఉంది. ఆలయ గోడల మీద శాసనాలున్నాయి, చాలావరకు తమిళంలో. దేవస్థానం వాళ్ళే 1930లలో సంపుటాలుగా అచ్చు వేశారు. బర్టన్ స్టైన్ అనే చరిత్రకారుడు వాటిని చదివి 1960లో ఒక వ్యాసం రాశాడు. విజయనగర కాలంలో ఒక భక్తుడు స్వామికి నైవేద్యం పెట్టించాలని కొంత సొమ్ము ఇస్తాడు. శ్రీభండారం, అంటే స్వామి ఖజానా, ఆ సొమ్మును ఏం చేసింది? దాచిపెట్టలేదు. ఒక్కరోజు అన్నదానం చేసి ఖర్చు రాయలేదు. దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టింది. నీళ్ళు వచ్చాక ఆ పొలాల్లో అదనంగా పండిందాంట్లోంచి నైవేద్యం నడిచింది, ప్రతి ఏడూ. దాతకు ఆ ప్రసాదంలో నాలుగో వంతు వాటా! అర్థమవుతోందా? దాత చందా ఇవ్వలేదు, పెట్టుబడి పెట్టాడు. రాబడి ప్రసాదం. రైతుకు నీళ్ళు. స్వామికి నైవేద్యం. చెరువు చెడిపోతే నైవేద్యం ఆగిపోతుంది కాబట్టి చెరువును చూడక తప్పని పరిస్థితి. అందుకే నాకు మొక్కలు నాటే కార్యక్రమాల కంటే ఈ శాసనాలంటే ఇష్టం.

మొక్కలంటే గుర్తొచ్చింది. ఏటా జూన్ 5న పర్యావరణ దినమని మనచేత మొక్కలు నాటిస్తారు. జూన్ మొదటి వారంలో మన తిరుపతి ఎండ మీకు తెలియదా? ఆ మొక్కకు ముందు గొడుగు పట్టాలి. మన వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం అడవిగా పుట్టి పెరిగేది ఈ కొండల చుట్టుపక్కలే. ఆ అడవి వాననీటిని నెమ్మదిగా దించుతుంది కాబట్టే కింద మన గొలుసు నడిచింది. ఆ అడవిని కాపాడుకుంటే కొత్తగా నాటే పని సగం తప్పుతుంది. దీని మీద ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం, టైము లేదు.

'చట్టాలు లేవా సార్' అని ఇందాక బయట ఒక అబ్బాయి అడిగాడు. ఎందుకు లేవు నాయనా. నీళ్ళను, నేలను, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. చెరువులు, కుంటలు ఊరుమ్మడి ఆస్తి, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది, 2011లో ఇంకా గట్టిగా చెప్పింది. మరి ఎందుకు ఆగడం లేదు? తిరుమలలో ప్లాస్టిక్ ఎందుకు తగ్గిందో ఆలోచించండి. ముందు ఆర్డరు వేశారు. తర్వాత గాజు సీసాలు పెట్టారు, ఖాళీ సీసా తెచ్చిస్తే డిపాజిట్ డబ్బు వెనక్కి ఇస్తారు. ఇవి రెండూ ఉన్నా సరిపోయేది కాదు. కొండ ఎక్కే దారి మొదట్లో, అలిపిరిలో ఒక గేటు ఉంది. అక్కడ బ్యాగు తెరిచి చూసే మనిషి ఉన్నాడు. అతనికి నెల జీతం ఉంది. చెరువుకు అలిపిరి లేదు. ఆర్డర్లు బోలెడున్నాయి, వంక మొగదల కూర్చునే మనిషి లేడు. నీరుగంటిని మనం ఎప్పుడో తీసేశాం.

కాబట్టి నేను అడిగేది చిన్నది. ఈ ఊరి చెరువులన్నీ బాగుచేద్దామని అనను, అలా అన్నవాళ్ళను చాలామందిని చూశాను. ఒక్క గొలుసు. కొండ కింది కుంట నుంచి స్వర్ణముఖి దాకా ఒకే ఒక్క గొలుసును తీసుకుందాం. ఆరు శాఖల వాళ్ళూ సంతకం పెట్టి దాని బాధ్యత ఒక్క ఆఫీసుకు ఇవ్వాలి. ఏ ఆఫీసన్నది నాకు పట్టదు. దానికి ఒక నీరుగంటి కావాలి, జీతంతో. చుట్టుపక్కల హోటళ్ళు, కల్యాణ మండపాలు గదికి ఇంత అని ఏటా ఇవ్వాలి. చందా కాదు, మళ్ళీ చెబుతున్నాను, చందా కాదు. మీ ట్యాంకరు బిల్లు రెండేళ్ళు రాసి పెట్టుకోండి. బోరులో నీటిమట్టం ప్రతి నెలా కొలిచి గేటు దగ్గర బోర్డు మీద రాయండి. మట్టం పెరగకపోతే మూడో ఏడు ఇవ్వకండి. నన్ను పిలిచి అడగండి. మీ నాలుగో వంతు ప్రసాదం ఆ బోర్డు మీదే కనిపించాలి.

వంక మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ మాట? అడగాల్సిన ప్రశ్నే. వాళ్ళలో చాలామంది మోసపోయి స్థలం కొన్నవాళ్ళు, అప్పు చేసి కట్టుకున్నవాళ్ళు. జేసీబీ తెచ్చి పడగొట్టమని నా నోటితో అనలేను. చాలాచోట్ల వంకను పక్కనుంచి మళ్ళించొచ్చు, రోడ్డు కింద పెద్ద తూము వేయొచ్చు. మళ్ళించలేని చోట వాళ్ళకు వేరే స్థలం చూపించాకే మాట్లాడాలి. అది ఖర్చుతో కూడిన పని. 2021 నవంబరులో అయిన ఖర్చు పక్కన పెట్టి చూడండి.

నా టైము అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఈ ఆదివారం పొద్దున ఆరు గంటలకు నేను కొండ కింద నుంచి బయలుదేరి ఒక వంక వెంట నడుస్తాను, అది ఎక్కడ ఆగితే అక్కడి దాకా. పాత గ్రామ పటం నా దగ్గరుంది. కొర్లగుంట నుంచి చెయ్యెత్తిన పెద్దాయన కూడా వస్తే బాగుంటుంది, పటంలో లేనివి ఆయనకు గుర్తుంటాయి. కంప చాలా ఉంది, చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి. నీళ్ళు మీరే తెచ్చుకోండి, దారిలో దొరకవు.